మొదటి స్మోకర్ కొనే ముందు ఒక వైద్యుని మాట

రెండేళ్ళ క్రితము మా అబ్బాయి టెక్సస్ నుంచి ఫోను చేసి, "నాన్నా, స్మోకర్ ఒకటి కొందామనుకుంటున్నాను, మీరేమంటారు?" అని అడిగాడు. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రులలో కూర్చుని, వచ్చిన ప్రతివారికీ చుట్ట మానండి, బీడీ మానండి, సిగరెట్టు మానండి అని చెప్పినవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో మీరు ఊహించుకోవచ్చు. తరువాత విషయము తెలిసింది. అది మాంసానికి పొగపెడుతూ నెమ్మదిగా ఉడికించే విద్యుత్తు పెట్టె. మా ఆవిడ దానికి ఆ రోజే 'పొగపెట్టె' అని పేరు పెట్టింది. ఆ తరువాత అమెరికాలో ఉన్న మా బంధువుల పిల్లలు మరి నలుగురైదుగురు ఇదే ప్రశ్న వేశారు. అందువలన నా అభిప్రాయము ఒకచోట వ్రాసి పెడుతున్నాను. నాకు వంట రాదు. థర్మామీటరు చూడడము వచ్చు. ఈ వ్యాసము ఆ మేరకే.

పొగతో నాకున్న పరిచయము

నేను పనిచేసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ఆయాసముతో వచ్చే స్త్రీలలో చాలామంది జన్మలో బీడీ ముట్టనివారు. వాళ్ళు ముప్పై, నలభై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టముతో ఊదినవారు. పొగత్రాగే మగవారికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బే వాళ్ళకూ వచ్చింది. మా అమ్మ కూడా చివరి పదేళ్ళు అలాగే దగ్గింది. కాబట్టి కట్టెల పొగను గురించి ముచ్చటగా మాట్లాడడము నాకు చేతకాదు.

అయితే పొగ రుచి ఎరుగనివాడినీ కాను. నిప్పులమీద కాల్చిన వంకాయ పచ్చడి, మొక్కజొన్న పొత్తు, పొయ్యి పైన దండెమునకు వేలాడదీసిన ఎండుమాంసము తిని పెరిగినవాడినే. 'వద్దు' అన్న ఒక్క మాటతో ముగించే సలహాను ఎవరూ పాటించరని కూడా నా ఉద్యోగము నాకు నేర్పింది. కొనడము ఖాయమని మీరు అనుకున్నప్పుడు, ఏది కొనాలో, దానితో ఎలా మెలగాలో చెప్పడమే వైద్యుడి పని.

ఇది అసలు ఏమి యంత్రము?

అమెరికాలో బార్బెక్యూ అంటే మంటమీద గబగబా కాల్చడము కాదు. మూతపెట్టిన పెట్టెలో తక్కువ వేడిమీద, కట్టెల పొగలో, గంటల తరబడి మాంసమును మగ్గించడము. మధ్య టెక్సస్‌లో ఈ పద్ధతి 19వ శతాబ్దములో వలస వచ్చిన జర్మన్, చెక్ కసాయివారి దుకాణాల నుంచి బలపడింది. అక్కడ ఓక్ కట్టెలు వాడతారు. పశువు ఛాతీ మాంసమైన బ్రిస్కెట్ అక్కడి ప్రధాన వంటకము. అక్కడ స్థిరపడిన మనవారు ఎక్కువగా కోడి, మేక మాంసము, చేపలతోనే మొదలుపెడతారు.

ఎలక్ట్రిక్ స్మోకర్‌లో వేడినిచ్చేది కట్టె కాదు, అడుగున ఉండే విద్యుత్తు తీగచుట్ట. దాని పక్కన చిన్న పళ్ళెములో గుప్పెడు చెక్కముక్కలు పెడితే అవి మండకుండా రాజుకుని పొగనిస్తాయి. పైన ఒక నీళ్ళ పళ్ళెము, ఆ పైన మాంసము పెట్టే జల్లెడలు ఉంటాయి. ఇంతే యంత్రము.

పెల్లెట్ గ్రిల్‌ను కూడా కొందరు ఎలక్ట్రిక్ స్మోకర్ అనుకుంటారు. దానికీ విద్యుత్తు తీగ ఉంటుంది, కాని ఆ విద్యుత్తు పనిచేసేది మరను, పంకాను తిప్పడానికి, నిప్పు రాజేయడానికి. వేడినిచ్చేది మండే చెక్కగుళికలే. ధర కూడా సాధారణముగా ఎక్కువ. రెండింటి తేడా తెలుసుకుని దుకాణానికి వెళ్ళండి.

కొత్తవారికి ఎలక్ట్రిక్ ఎందుకు?

చేయి తిరిగినవారు దీనిని చిన్నచూపు చూస్తారు. బొగ్గు, కట్టెలు వాడే పెట్టెలో వచ్చే గాఢమైన రుచి, మాంసము అంచున ఏర్పడే గులాబీరంగు వలయము ఇందులో సరిగా రావని వారి ఫిర్యాదు. అది నిజమే. కట్టె బాగా మండినప్పుడు పుట్టే వాయువులు మాంసములోని మయోగ్లోబిన్‌తో కలవడము వలన ఆ రంగు వస్తుంది. ఎలక్ట్రిక్ పెట్టెలో మండేది తక్కువ కనుక రంగూ తక్కువే. కాని ఆ వలయానికి రుచితో సంబంధము లేదు. ఆరోగ్యముతో అంతకంటే లేదు.

కొత్తవారికి కావలసినది నిలకడైన వేడి. కట్టెల పెట్టెను 225 డిగ్రీల ఫారెన్‌హీట్ (107 సెల్సియస్) దగ్గర ఆరు గంటలు నిలపడము ఏళ్ళ అనుభవముతో వచ్చే విద్య. అది చేతకానప్పుడు మాంసము పైన మాడుతుంది, లేదా లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎలక్ట్రిక్ పెట్టె ఆ పనిని తాను చేస్తుంది. మరో లాభము నాకు ఇంకా ముఖ్యమైనది. మీరు పొగలో నిలబడి మంటను ఎగదోయనక్కరలేదు. మీట నొక్కి దూరముగా వచ్చి కూర్చోవచ్చు. ఇంట్లో ఉబ్బసము ఉన్నవారు, చిన్నపిల్లలు ఉంటే ఈ ఒక్క కారణముతోనే నేను దీనికి ఓటు వేస్తాను.

మా ఇంట్లో జరిగినది

ఆ రోజు ఫోనులో మా అబ్బాయితో పొగ గురించి చాలాసేపు మాట్లాడాను. కాని థర్మామీటరు మాట ఎత్తలేదు. ఆ తప్పు నాది.

ఆ ఏడు నవంబరులో మేము వాడింటికి వెళ్ళాము. మా రాక సందర్భముగా కోడి తొడలు పొగపెట్టాడు. ఫ్రీజరు నుంచి తీసినవి పూర్తిగా కరగకముందే జల్లెడలమీద ఒకదానికొకటి ఆనేటట్లు పేర్చాడు. ఎలా ఉందో చూద్దామని పావుగంటకొకసారి తలుపు తెరిచాడు. పెట్టెమీద అంకెలు మాత్రము 225 అనే చూపిస్తున్నాయి. రెండు గంటల తరువాత బయటకు తీసినప్పుడు తొడలు తేనెరంగులో నిగనిగలాడుతున్నాయి. అందరూ మెచ్చుకున్నారు. అయిదేళ్ళ మా మనుమరాలి పళ్ళెములో మొదటి ముక్క పడింది.

నాకు ఎముక దగ్గర మాంసము మెరుపు నచ్చలేదు. "వంటింట్లో మాంసానికి గుచ్చే థర్మామీటరు ఉన్నదా?" అని అడిగాను. కోడలు సొరుగులో వెదకి ఒకటి తీసింది. గుచ్చి చూస్తే 138 డిగ్రీల ఫారెన్‌హీట్. కోడికి కావలసినది 165. మనుమరాలి పళ్ళెము నేనే వెనక్కు తీసుకున్నాను. అది ఏడ్చింది, మా అబ్బాయి ముఖము చిన్నబోయింది. ముక్కలన్నీ ఓవెన్‌లో పెట్టి, థర్మామీటరు 165 దాటిన తరువాతే తిన్నాము. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కనుక దీనిని నవ్వుతాలుగా చెప్పుకోవచ్చు. నేను అలా చెప్పుకోలేను. 1980లలో నేను పనిచేసిన ఒక ఊరిలో పెళ్ళి విందులో సగము ఉడికిన కోడికూర తిని ఒకే రాత్రి డెబ్భైమందికి పైగా వాంతులు, విరేచనాలతో వచ్చారు. మంచాలు చాలక వరండాలో చాపలు పరచి, కిటికీ ఊచలకు సెలైన్ సీసాలు కట్టాము. ఆ రాత్రి నన్ను ఎక్కువ భయపెట్టినవారు పెద్దవారు కాదు, కళ్ళు లోతుకుపోయిన పసిపిల్లలు. వారిలో ఎవరూ పచ్చి మాంసము తిన్నామని అనుకోలేదు. కూర చూడడానికి బాగానే ఉన్నదని అందరూ చెప్పారు.

అంకెలే ప్రమాణము

పొగ మాంసము పై రంగును మారుస్తుంది. అందువలన ఇందులో కన్ను రెండు విధాల మోసపోతుంది. లోపల పచ్చిగా ఉన్నది పైకి ఉడికినట్లు కనిపిస్తుంది. బాగా ఉడికినది కూడా ఒక్కొక్కసారి గులాబీరంగులో ఉండి పచ్చిదేమో అనిపిస్తుంది. రంగును నమ్మకండి, రసము రంగునూ నమ్మకండి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే అంకెలు ఇవి. వీటిని కాగితముమీద వ్రాసి పెట్టెకు అంటించండి.

కోడి, టర్కీ వంటి పక్షి మాంసము ఏదైనా: 165 డిగ్రీల ఫారెన్‌హీట్ (74 సెల్సియస్).
ఖీమా: 160 (71 సెల్సియస్).
మేక, గొర్రె, పంది, పశు మాంసపు ముక్కలు: 145 (63 సెల్సియస్), ఆపైన మూడు నిమిషాలు కదపకుండా ఉంచాలి.
చేప: 145 (63 సెల్సియస్).

ఇవి సూక్ష్మజీవుల దృష్టితో చెప్పిన కనీసపు అంకెలు. బ్రిస్కెట్ వంటి గట్టి మాంసము మెత్తబడాలంటే అందులోని కొల్లాజెన్ కరగాలి. దానికి లోపలి వేడి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్ళాలి. మధ్యలో 150, 170ల నడుమ వేడి గంటల తరబడి కదలదు. మాంసము పైనుంచి తేమ ఆవిరి అవుతూ, మనకు చెమట పట్టినట్లు దానిని చల్లబరుస్తుంది. యంత్రము చెడిపోయిందని కొత్తవారు కంగారుపడేది ఇక్కడే. అందుకే మొదటిసారి బ్రిస్కెట్ జోలికి పోవద్దు. కోడి తొడలతో మొదలుపెట్టండి.

4 నుంచి 60 సెల్సియస్ వరకు (40 నుంచి 140 ఫారెన్‌హీట్) సూక్ష్మజీవులు వేగముగా పెరిగే మండలము. మాంసము ఆ మండలమును త్వరగా దాటాలి. కనుక గడ్డకట్టిన మాంసమును ఫ్రిజ్‌లోనే పూర్తిగా కరగనివ్వండి. మసాలా పట్టించి ఉంచేది కూడా ఫ్రిజ్‌లోనే, గట్టుమీద కాదు. ముక్కల మధ్య ఖాళీ ఉంచండి. తలుపు మాటిమాటికీ తెరవకండి. మిగిలినది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. టెక్సస్ ఎండాకాలములో బయట వేడి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఒక గంటే గడువు.

దుకాణములో ఏమి చూడాలి?

ఉద్యోగములో ఉన్నప్పుడు మందుల కంపెనీల వారు చెప్పిన పేర్లు వ్రాయడము నాకు అలవాటు లేదు. ఇప్పుడూ ఏ కంపెనీ పేరూ చెప్పను. చూడవలసిన గుణాలు చెబుతాను.

మొదటిది, వేడి అదుపు. చవకరకపు పెట్టెలకు తక్కువ, మధ్యస్థము, ఎక్కువ అనే మూడు గుర్తుల మీట మాత్రమే ఉంటుంది. బయట గాలి, చలి మారితే లోపలి వేడీ మారిపోతుంది. కావలసిన అంకె పెట్టుకుంటే తానే ఆగుతూ, వెలుగుతూ ఉండే డిజిటల్ అదుపు ఉన్నది తీసుకోండి.

రెండవది, అది చేరగల అత్యధిక వేడి. చాలా ఎలక్ట్రిక్ పెట్టెలు 275 డిగ్రీల ఫారెన్‌హీట్ (135 సెల్సియస్) దగ్గర ఆగిపోతాయి. ఆ వేడికి కోడి తోలు కరకరలాడదు, సాగుతుంది. కరకర కావాలంటే చివర ఓవెన్‌లో కొద్దిసేపు పెట్టుకోవాలి. ఈ సంగతి ముందే తెలిస్తే నిరాశ ఉండదు. 225 కూడా నిలకడగా అందుకోలేని పెట్టె మాత్రము వద్దు.

మూడవది, గోడల మందము, తలుపు బిగువు. రెండు పొరల గోడల మధ్య వేడిని ఆపే పదార్థము ఉంటే చలికాలములోనూ వేడి నిలుస్తుంది.

నాలుగవది, శుభ్రము చేసుకునే వీలు. జల్లెడలు, నీళ్ళ పళ్ళెము, కొవ్వు పట్టే పళ్ళెము మూడూ సులభముగా బయటకు రావాలి. పేరుకున్న కొవ్వు అంటుకునే ప్రమాదము ఉన్నది. తలుపు తెరవకుండానే చెక్కముక్కలు వేసే వీలు ఉంటే మరీ మంచిది.

అయిదవది, పరిమాణము. నలుగురున్న ఇంటికి చిన్నది చాలు. పెద్దది కొంటే పెద్దగా వండాలనిపిస్తుంది, వండినది తినాలనిపిస్తుంది.

ఆరవది పెట్టెలో ఉండదు. మాంసములో గుచ్చే మంచి థర్మామీటరు విడిగా కొనండి. తలుపుమీది అంకె పెట్టెలోని గాలిది, మాంసానిది కాదు. కొన్నిటిలో గుచ్చే సూది కూడా ఇస్తారు, దానినీ మరొకదానితో సరిచూడండి. పగలగొట్టిన మంచుముక్కలు కలిపిన నీటిలో ముంచితే 32 ఫారెన్‌హీట్ (0 సెల్సియస్) చూపాలి. డబ్బు చాలకపోతే పెట్టెలో తగ్గించుకోండి, థర్మామీటరులో తగ్గించవద్దు.

ఫోను నుంచి నడిపే సౌకర్యము, తెరలు, దీపాలు మీ సరదా. వాటివలన మాంసము ఉడకదు.

కొన్న తరువాత, కొత్త పెనమునకు నూనె రాసి కాల్చినట్లే, మాంసము లేకుండా ఖాళీ పెట్టెను కొన్ని గంటలు వేడిచేయాలి. తయారీలో మిగిలిన నూనెలు, వాసనలు పోతాయి. ఎంతసేపో దానితో వచ్చిన పుస్తకములో ఉంటుంది.

చెక్క విషయములో

తినుబండారాల కోసము అమ్మే హికరీ, ఓక్, ఆపిల్, చెర్రీ చెక్కముక్కలే వాడండి. నానబెట్టనక్కరలేదు. తడి ఆరేవరకు వచ్చేది ఆవిరే కాని పొగ కాదు. ఒకసారికి గుప్పెడు చాలు. తెల్లగా దట్టముగా వచ్చే పొగ చేదు, పలుచని పొగ రుచి. మొదటి గంట, రెండు గంటలు పొగ చాలు, తక్కినదంతా వేడి చేసే పనే.

రంగు వేసిన చెక్క, రసాయనాలు పట్టించిన చెక్క, జిగురు కారే పైన్ చెక్క ఎన్నడూ వద్దు. ఇంకొకటి ప్రత్యేకముగా చెప్పాలి. గన్నేరు. మన ఆసుపత్రులలో పనిచేసిన ఏ వైద్యుడూ పచ్చగన్నేరు పప్పు తిన్నవారి గుండె లయ తప్పడము మరువలేడు. ఎర్రగన్నేరుకూ అదే జాతి విషము ఉన్నది. టెక్సస్‌లో ఈ చెట్టు పెరటి అందానికి విరివిగా పెంచుతారు. గాల్వెస్టన్‌కు గన్నేరుల నగరమనే పేరే ఉన్నది. పెరటిలో కొట్టిన కొమ్మ కదా అని పొగపెట్టడానికి గాని, ముక్కలు గుచ్చడానికి పుల్లగా గాని వాడవద్దు.

ఎక్కడ పెట్టాలి?

విద్యుత్తుతో నడుస్తున్నది కదా, గ్యారేజిలో పెట్టుకోవచ్చునా అని అడిగినవారున్నారు. కూడదు. చెక్క రాజుకున్నచోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారము, మగతతో మొదలై ప్రాణము తీస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుఫాను వచ్చి విద్యుత్తు పోయినప్పుడు, వెచ్చదనము కోసము బొగ్గు గ్రిల్లులు ఇంట్లో వెలిగించినవారు, జనరేటర్లు లోపల నడిపినవారు ఈ వాయువుకు గురయ్యారు. కొందరు చనిపోయారు. స్మోకర్ చోటు ఆరుబయటే. గోడకు, చెట్టుకు ఎడముగా ఉండాలి, వానలో తడవకూడదు. అపార్టుమెంటులో ఉన్నవారు బాల్కనీలో పెట్టేముందు అద్దె ఒప్పందము చదవండి.

ఈ పెట్టెలు సాధారణముగా 800 నుంచి 1,500 వాట్లు తీసుకుంటాయి. ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులోనే పెట్టండి. సన్నని ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి కరుగుతుంది.

ఇక సెలవులకు వస్తూ దీనిని ఊరికి తెచ్చే ఆలోచన ఉంటే వినండి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. పిన్ను మార్చే అడాప్టరు వోల్టులను మార్చదు. 120 వోల్టుల తీగచుట్టకు 230 ఇస్తే అది దాదాపు 3.7 రెట్లు శక్తి లాగుతుంది. 800 వాట్ల పెట్టె మూడువేల వాట్లకు దగ్గరవుతుంది. తీగ కాలుతుంది, ఇల్లూ కాలవచ్చు. తేకండి.

ఎన్నిసార్లు తినవచ్చు?

ఇదే అసలు ప్రశ్న. కట్టెపొగలో పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు అనే పదార్థాలుంటాయి. వాటిలో బెంజోపైరీన్ మనుషులలో క్యాన్సరు కలిగించేదని నిర్ధారణ అయింది. కొవ్వు నిప్పులమీద పడి కాలినప్పుడు ఇవి ఎక్కువగా పుడతాయి. ఎలక్ట్రిక్ పెట్టెలో నీళ్ళ పళ్ళెము కొవ్వును పడుతుంది కనుక, వేడి తక్కువ కనుక ప్రమాదము కొంత తగ్గుతుంది. పోదు. పొగ పొగే.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్డ్ మాంసమును క్యాన్సరు కారకాల మొదటి వర్గములో చేర్చింది. ఉప్పువేసి నిలవచేసినది, పొగపెట్టినది ఆ నిర్వచనములోకి వస్తాయి. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దప్రేగు క్యాన్సరు ముప్పు సుమారు 18 శాతము పెరుగుతుందని ఆ సంస్థ అంచనా. పొగాకు కూడా అదే వర్గములో ఉన్నది. దాని అర్థము రెండూ సమానమైన ప్రమాదమని కాదు, రెండింటి విషయములోనూ సాక్ష్యము సమానముగా బలమైనదని. ఈ తేడా గుర్తుంచుకుంటే అనవసరపు భయమూ ఉండదు, అనవసరపు ధైర్యమూ ఉండదు.

నా అభిప్రాయము ఇది. నెలకు ఒకసారి, బంధుమిత్రులు కూడినప్పుడు వండుకోండి. ప్రతి శనివారము వద్దు. మాడిన అంచులు కోసి పారవేయండి. పూతలో ఉప్పు తగ్గించండి, రక్తపుపోటు ఉన్నవారు ఇంకా తగ్గించండి. సీసాలలో వచ్చే సాస్‌లలో చక్కెర ఉంటుంది, మధుమేహము ఉన్నవారు చీటీ చదవండి. జల్లెడమీద సగము చోటు కూరగాయలకు ఇవ్వండి. చేపను వేడి తగలకుండా చల్లని పొగలో పెట్టే పద్ధతి కొత్తవారు చేయకూడదు. అందులో లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు చావవు. గర్భిణులు అటువంటి చేపను అసలే తినకూడదు.

మొన్న సంక్రాంతికి మా అబ్బాయి వీడియో ఫోనులో కనిపించాడు. పెరటిలో పొగపెట్టె పక్కన మనుమరాలు నిలబడి ఉన్నది. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. అంకెలు చదవడము దాని ఉద్యోగమట. "తాతయ్యా, నూట అరవై ఏడు!" అని అరిచింది. తొడలో ఎముకకు తగలకుండా గుచ్చారా అని అడిగాను. గుచ్చారట. అయితే తినండి అన్నాను.